పిలిస్తే పలకని పిల్ల

ఆ పిల్ల మా క్లాసులో చేరిన రోజు హాజరు తీసుకుంటూ తన పేరు రెండుసార్లు పిలిచాను. పలకలేదు. మూడోసారి పక్కన కూర్చున్న పిల్ల మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి, "హియర్, మిస్" అంది. తప్పు నాదే అనుకున్నాను. నా నోట్లో ఆ పేరు ఏ రూపం దాల్చిందో ఏమో!

అప్పటికి నేను ఆ ఊరికి వచ్చి నాలుగు నెలలు. మెల్‌బోర్న్ నుంచి కారులో మూడు గంటల ప్రయాణం. చుట్టూ గోధుమ పొలాలు, మధ్యలో ఒకే ఒక పెద్ద వీధి, రైలు పట్టాల పక్కన ధాన్యం నింపే సిమెంటు సైలోలు. ఎటు చూసినా నేల చదునుగా ఉండి, రోడ్డు మీద వచ్చే కారు ఇంకా మైళ్ల దూరంలో ఉండగానే కనిపించేది. గుంటూరులో పదకొండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. ఈ దేశం వచ్చాక మళ్లీ యూనివర్సిటీకి వెళ్లి చదివి, టీచరుగా రిజిస్టర్ అయినా సిటీలో ఏ స్కూలూ పిలవలేదు. ఈ ఊళ్లో టీచర్లు దొరక్క పిలిచారు. ఏడాది కాంట్రాక్టు. మావారి ఆఫీసు సిటీలో కాబట్టి ఆయన సిటీ శివారు పాయింట్ కుక్‌లోని మా ఇంట్లోనే ఉండేవారు. నేను ఆదివారం సాయంత్రం బయల్దేరి వెళ్లి, శుక్రవారం సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని.

నాది మూడో తరగతి, పందొమ్మిది మంది పిల్లలు. 'ఎం' అనే అక్షరాన్ని నేను 'యెమ్' అంటానని కనిపెట్టి మొదటి వారమంతా నవ్వారు. అందుకే ఈ కొత్త పిల్ల పేరు విషయంలో పట్టుదల వచ్చింది. శనివారం వంటింట్లో కూరగాయలు తరుగుతూ పైకి అనుకుంటుంటే మావారు వచ్చి అడిగారు.

"పొద్దున్నుంచీ ఎవర్ని పిలుస్తున్నావు?"

"మా క్లాసు పిల్లనండీ. నేను పిలిస్తే పలకట్లేదు."

"నాలుగు రోజులు పోతే నీ యాస అలవాటవుతుందిలే."

మూడో వారంలో ఆటల మాస్టారు మైదానంలో ఆ పిల్లను పిలవడం చూశాను. ఆయన పుట్టింది, పెరిగింది ఆ ఊళ్లోనే. ఆ పేరును ఎలా పలకాలో అలాగే పలికాడు. ఆ పిల్ల తిరగలేదు. మళ్లీ పిలిచాడు. గోడ మీద పాకుతున్న చీమల్ని చూస్తూ నిలబడి ఉంది.  ఇందులో నా యాస తప్పేమీ లేదని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత అన్నీ కంటపడటం మొదలైంది. పిల్లల స్వెట్టర్ల లోపల మెడ దగ్గర తల్లులు పేరు రాసే గుడ్డముక్క ఉంటుంది. ఆ పిల్ల స్వెట్టర్‌కి దాన్ని కత్తెరతో కత్తిరించేశారు. క్లాసులో ఎక్కడ కూర్చోమన్నా తలుపు కనిపించే చోటే కూర్చునేది. ఒకరోజు పాఠం మధ్యలో, "మిస్, గేటు దగ్గర ఆ తెల్ల కారు ఎవరిది?" అని అడిగింది. కరెంటు పని చేసేవాళ్లది అన్నాను. "నిన్న లేదు" అంది. వాళ్లమ్మ మూడుంబావుకి వచ్చేది. మిగతా తల్లులతో కలిసి నిలబడేది కాదు. కారుని ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి ఆపేది, ఎక్కగానే పోనివ్వడానికి అనువుగా.

ప్రిన్సిపాల్‌ని అడిగాను. ఆవిడకి అరవై దగ్గర పడ్డాయి. ఆ పొలాల మధ్యనే పెరిగిన మనిషి, మాట పొదుపు. లేచి తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"నీకు ముందే చెప్పాల్సింది, నాదే పొరపాటు. కోర్టు ఆర్డర్ ఉంది. తండ్రి గానీ, తండ్రి తరఫు వాళ్లు గానీ ఆ పిల్ల దగ్గరికి రాకూడదు. తల్లీ కూతుళ్లు ఎక్కడున్నారో కూడా వాళ్లకి తెలియకూడదు. పేరు కొత్తగా పెట్టుకున్నది. ఫొటోలు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంతకు మించి నన్ను అడక్కు."

అడగలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆ ఊరు నాకు వేరేగా కనిపించింది. స్కూలు ముందు ఏ బండి నెమ్మదించినా మాట మధ్యలో ఆగిపోయేదాన్ని. చలికాలమంతా గాలి వీస్తుంటే వెనక గేటు గొళ్లెం టకటకమని కొట్టుకునేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నేనూ ఆ పిల్లా ఒకేసారి తలెత్తేవాళ్లం. ఒకరినొకరు చూసుకుని మళ్లీ పుస్తకాల్లోకి తల వంచేవాళ్లం.

బహుశా అందుకే నాకు దగ్గరైంది. ఆటవిడుపులో నేను పసుపు జాకెట్ వేసుకుని మైదానంలో కాపలా తిరుగుతుంటే పక్కనే నడిచేది. ఒకసారి అడిగింది.

"మిస్, మీ ఊరు ఎంత దూరం?"

"విమానంలోనే పొద్దున్నుంచి రాత్రిదాకా పడుతుంది. మధ్యలో సముద్రం."

"అయితే అక్కడికి కారులో ఎవరూ రాలేరు కదా?"

"రాలేరు."

"అక్కడ మూడో తరగతి ఉంటుందా?" అంది.

అక్టోబరులో స్కూల్లో అందరూ వాళ్ల వాళ్ల దేశాల బట్టలు వేసుకునే రోజు ఒకటి జరిపారు. ఆ స్కూల్లో వేరే దేశం నుంచి వచ్చింది దాదాపు నేనొక్కదాన్నే. కాబట్టి ఆ రోజు నాదే. ఆకుపచ్చ మంగళగిరి చీర కట్టుకెళ్లాను. తొమ్మిది నెలలుగా మర్యాదగా పలకరించి పక్కకి తప్పుకునే తల్లులు ఆ రోజు చుట్టూ చేరి చీర అంచు పట్టుకుని చూశారు. ఊరి పేపరు తరఫున ఒక పెద్దాయన కెమెరాతో వచ్చాడు. ఫొటోల సమయానికి ఆ పిల్లని లైబ్రరీలో కూర్చోబెట్టే ఏర్పాటు నేనే చేశాను. అక్కణ్నుంచి ఎవరూ చూడకుండా ఎప్పుడు జారుకుందో, వెనక నుంచి పరిగెత్తుకొచ్చి నా పైట కొంగు పట్టుకుని పక్క నుంచి తొంగి చూసింది. ఆయన క్లిక్కుమనిపించాడు.

నాకు తెలుసు. ఆ క్షణమే తెలుసు. పిల్లని వెంటనే లోపలికి పంపేశాను. ఆయన దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క ఫొటో తీసేయండి అనడానికి నోరు తెరిచాను. "అద్భుతంగా ఉన్నారు, ఇంకొక్కటి" అన్నాడాయన. అందరూ నవ్వుతున్నారు. సగం ముఖమే కదా పడుంటుంది అనుకున్నాను. ఇన్నాళ్లకి నన్ను తమలో కలుపుకున్న రోజున పేచీ పెట్టే మనిషిని కాదలచుకోలేదు. నిజం అదే. దాన్ని ఇంకో రకంగా చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

గురువారం మూడో పేజీలో రంగుల్లో వచ్చింది. సగం ముఖమే, కానీ తెలిసినవాళ్లు ఎవరైనా పోల్చుకోగల సగం. పేపరు వాళ్లకి ఫోన్ చేసి ఇంటర్నెట్‌లో నుంచి తీయించాను. అది సాయంత్రానికి పోయింది. అచ్చయినది పోదు కదా. మావారికి చెబితే, "గోధుమ రేట్లు చూసుకునేవాళ్లు తప్ప ఆ పేపరు ఎవరు చదువుతారు? నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నారు. ప్రిన్సిపాల్ ఆ వారమంతా సిటీలో మీటింగుల్లో ఉంది. సోమవారం చెబుదాం అనుకున్నాను. సోమవారం గది దాకా వెళ్లి, వేరే సంగతి మాట్లాడి వచ్చేశాను. నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఆ నెలలోనే తేలాలి.

పదకొండు రోజులు నోరు విప్పలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ కాపలా నాది. కంచె అవతల ఒకావిడ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు చక్కగా దువ్వుకుని, చేత్తో అల్లిన స్వెట్టర్ వేసుకుని, భుజాన గుడ్డసంచితో ఎవరి ఇంట్లోనైనా ఉండే నానమ్మలా ఉంది.

"చీర కట్టుకున్న టీచర్ మీరే కదా? పేపర్లో చూశాను" అంది.

"అవునండీ, థాంక్స్" అన్నాను.

"ఎంత మంచి రంగు! మా మనవరాలికి ఆకుపచ్చ అంటే ప్రాణం."

"మీ మనవరాలు ఏ క్లాసు?"

 ఆవిడ నా భుజం మీదుగా మైదానంలోకి చూస్తోంది. అలా చూస్తూనే నవ్వి, ఒక పేరు పిలిచింది. గట్టిగా కూడా కాదు. మా స్కూల్లో ఆ పేరున్న పిల్ల ఎవరూ లేరు.

ఉయ్యాల దగ్గరున్న ఆ పిల్ల గిరుక్కున తిరిగింది. ఆరు నెలల్లో నేను ఎన్నిసార్లు పిలిచినా అలా తిరగలేదు. తిరిగి, పరిగెత్తలేదు, ఏడవలేదు. రెండు చేతులూ ఒంటికి అతికించుకుని నిలబడిపోయింది.

"చూశారా, నన్ను మర్చిపోలేదు" అంది ఆవిడ.

రోడ్డు అవతల బూడిదరంగు కారు ఇంజను ఆపకుండా ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర ఒక మగమనిషి. మా వైపు చూడటం లేదు. ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నాడు.

ఇలాంటప్పుడు వాకీటాకీలో ఆఫీసుకి ఏం చెప్పాలో ట్రైనింగులో నేర్పారు.  ఆ ఇంగ్లీషు మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "రండమ్మా, లోపలికి! అందరూ లోపలికి!" అని తెలుగులో అరిచాను. పిల్లలకి మాట అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైంది. పరుగులు తీశారు. కంచె అవతల నుంచి ఆవిడ మెత్తగా అంటోంది.

"మీరు ఈ దేశానికి కొత్త. ఇది మా ఇంటి సంగతి, మీకు తెలియదు. ఎందుకు కల్పించుకుంటారు?"

అంటూనే తొందరేమీ లేనట్టు వెనక గేటు వైపు నడవసాగింది. ఆ గేటుకి తాళం ఉండదు. ఆ పిల్లని ఎత్తుకుని పరిగెత్తాను. ఎనిమిదేళ్ల పిల్ల, బరువే. క్లాసులోకి దూరి తలుపుకి తాళం వేసి, అప్పుడు వాకీటాకీలో మాట పెగల్చుకుని చెప్పాను. ప్రమాద హెచ్చరిక గంట మోగింది. లైట్లు ఆపి, కర్టెన్లు లాగి, పందొమ్మిది మందినీ బల్లల కింద కూర్చోబెట్టాను. ఆ పిల్ల నా ఒళ్లో ఉంది. వణకడం లేదు. వణికితే బాగుండునని అనిపించింది.

కాసేపటికి తలుపు పిడి ఒక్కసారి కిందికి దిగి, మళ్లీ మెల్లగా పైకి వచ్చింది. అంతే, అడుగుల చప్పుడు కూడా వినబడలేదు. తర్వాత ప్రిన్సిపాల్‌ని అడిగాను, తలుపు తీయబోయింది మీరేనా అని. కాదంది. మిగతావాళ్లూ కాదన్నారు.

పోలీసులు పక్క ఊరి నుంచి రావాలి. వాళ్లు వచ్చేసరికి ఆవిడా లేదు, కారూ లేదు. ఆ పిల్ల తల్లి పనిచేసే చోటు నుంచి ఏప్రాన్‌తోనే వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో, ఆ తల్లి ముందే, ఫొటో సంగతి మొత్తం చెప్పేశాను. తెలిసే ఊరుకున్నానని, పదకొండు రోజులు దాచానని కూడా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు.

"ఆరు నెలలు. ఎక్కడా ఇన్నాళ్లు ఉండలేదు మేము" అంది. కూతురి జుట్టు సవరిస్తూ మళ్లీ అంది. "ఇప్పుడిప్పుడే రాత్రిళ్లు నిద్రపోతోంది."

క్షమించమన్నాను. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. పోలీసు కారులో వెనక సీట్లో కూతుర్ని పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. ఆ సాయంత్రమే ఎక్కడికో తీసుకెళ్లిపోయారు. ఎక్కడికో నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే సరైనది.

నాకు మెమో ఇచ్చారు. న్యాయమే. కాంట్రాక్టు మాత్రం పొడిగించారు. నా బదులు వచ్చేవాళ్లెవరూ లేరు మరి. పోలీసులు ఆ పెద్దావిడని కలిశారట. దారిన పోతూ స్కూలు బాగుంటే చూడటానికి ఆగానని చెప్పిందట. మావారు వచ్చెయ్యమన్నారు. వెళ్లలేకపోయాను. చేసిందంతా చేసి, పిల్లల ముఖాలు చూడకుండా వెళ్లిపోవడం ఇంకా పెద్ద తప్పనిపించింది. వెనక గేటుకి తాళం వేయించాను. ఆ తాళం చెవి నేనే అడిగి తీసుకున్నాను.

డిసెంబరులో, సెలవులకి ముందు వారం, ఆఫీసులో ఉండే ఆవిడ భోజనానికి వెళితే ఫోన్ దగ్గర నేను కూర్చున్నాను. మోగింది. మగ గొంతు, ఎంతో మర్యాదగా ఉంది. ఫలానా స్కూలు నుంచి మాట్లాడుతున్నానన్నాడు. మీ స్కూలు నుంచి వెళ్లిన ఒక పాప రికార్డులు మాకు పంపారో, వేరే స్కూలుకి పంపారో సరిచూసుకోవాలి, ఎక్కడికి పంపారో చెబితే చాలన్నాడు.

"మీ నంబరు ఇవ్వండి, మా ప్రిన్సిపాల్ ఫోన్ చేస్తారు" అన్నాను.

అవతలి నుంచి ఊపిరి తీస్తున్న శబ్దం. ఎక్కడో వెనక ఒక ఆడగొంతు ఏదో అడిగింది, ఎంతో మెత్తగా. ఫోన్ పెట్టేశారు.

ఈసారి నేను ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తి అంతా చెప్పాను. ఆవిడ పోలీసులకి ఫోన్ చేసింది. అడిగినవన్నీ చెప్పి పెట్టేశాక, కిటికీ లోంచి ఖాళీ రోడ్డుని చూసింది.

"ఇంకా వెతుకుతున్నారు" అన్నాను.

"అవును. అంటే ఇంకా దొరకలేదన్నమాట" అంది. "వెళ్లు, నీ క్లాసు మొదలవుతుంది."