పరుపు మీద నుంచి మూడు దఫాల్లో

ఆబిడ్స్‌లో ఒక చీరల షాపులో ముప్ఫై రెండేళ్లుగా కూర్చుంటున్నాను. కూర్చోవడమే నా ఉద్యోగం. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఒక పక్క నేను, ఒక పక్క కొనేవాళ్లు, మధ్యలో చీరల గుట్ట. పెళ్లి బేరమంటే మూడు గంటలకు తక్కువుండదు. అంతసేపు కాళ్లు మడుచుకుని కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు చూడాలి! ఎవరికి కళ్లు తిరుగుతాయో ముందే చెప్పగలనని నాకు మహా గర్వం.

పడేది ముసలమ్మలే అనుకుంటారు అందరూ. కాదండీ. అమ్మమ్మలు గోడ పట్టుకుని, దేవుణ్ని తలుచుకుని, తాపీగా లేస్తారు. పొద్దున్నుంచి ఏమీ తినని పెళ్లికూతురు మాత్రం ఫోను మోగిందని చటుక్కున లేస్తుంది, మొహం పాలిపోయి మళ్లీ కూలబడుతుంది. దాని పక్కనే కూర్చున్న అన్నదమ్ములు ఎగిరి లేచి బిర్యానీకి పోతారు. అందుకే పెళ్లికూతురు కదిలిందంటే చాలు, "జర నిమ్మళంగ బిడ్డా!" అని అరిచేవాణ్ని.

అలాంటి నేను, పోయిన శ్రావణంలో, చేతి మీద ఆరు పట్టుచీరలతో గబుక్కున లేచాను. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఆ చీరల గుట్టలోనే బోర్లా పడ్డాను. గుట్ట మెత్తగా ఉండబట్టి ముక్కు దక్కింది.

మా షాపు యజమాని సేటు మంచివాడే, నాకన్నా ఆరేళ్లు పెద్ద. మర్నాడు బిల్లు కౌంటరు దగ్గర కొత్త స్టూలొకటి వేయించాడు. "ఉమర్ అయితున్నది భాయ్, వయసు మీద పడ్డది. దీపావళి సంది గీడ కూసో, బిల్లులు చూసుకో. ఫికర్ చెయ్యకు, జీతం గంతే ఇస్త" అన్నాడు. జీతం గురించి ఎవడడిగాడు? నేను ఆ స్టూలెక్కితే, చీరను ఒక్క విసురులో పరుపు ఈ చివర నుంచి ఆ చివరకు పరిచేదెవరు? కడుపు మండిపోయి ఆ పూట అన్నం ముట్టలేదు.

మా ఆవిడ జాలిపడిందా అంటే అదీ లేదు. "శకునం చెప్పే బల్లే పోయి కుడితిల పడ్డదంట" అంది. చెప్పుకోకూడదు గానీ, నాకూ నవ్వొచ్చింది.

మా అమ్మాయి డాక్టరీ చివరి సంవత్సరంలో ఉంది. తను చదివే దవాఖానాకు నన్ను లాక్కుపోయింది. అక్కడి పెద్ద డాక్టరమ్మ అన్నీ చూసి, గుండెకేమీ కాలేదు, లేచేటప్పుడు బీపీ పడిపోతోంది, నీళ్లు బాగా తాగి నెమ్మదిగా లేవండి అంది. అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. ఆదివారం నాంపల్లిలో మా ఇంట్లోనే బీపీ మిషను పెట్టుకుని అందర్నీ వరసగా చాప మీద పడుకోబెట్టి, లేపి, నాడి చూసింది. తన నాడి లేవగానే పరుగందుకుంది. నాది బద్ధకంగా నడిచింది. మా అమ్మది ఆఫీసు ఫైలులాగా, ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"చూసినవా డాడీ? లేవంగనే రక్తం కాళ్లల్లకు దిగుతది, బీపీ పడుతది. వయసుల ఉన్నోళ్ల గుండె వెంటనే ఉరికి అందుకుంటది. వయసు మీద పడ్డంక గుండె గంత ఉరకది. ఇగ రక్తనాళాలే బిగుసుకొని సంభాళించాలె."

"మరి నా పెళ్లికూతుళ్ల సంగతేంది?"

"వయసుల ఉన్న ఆడోళ్లకు గుండె మంచిగనే ఉరుకుతది. కానీ రక్తనాళాలు మగపిల్లలకు బిగుసుకున్నంత బిగుసుకోవు. అందుకే వాళ్లకు కండ్లు ఎక్కువ తిరుగుతయ్. అందరికీ గట్లనే అయితదని కాదు."

ముప్ఫై రెండేళ్లు నేను కళ్లతో చూసినదాన్ని నా బిడ్డ రెండు నిమిషాల్లో విడమరిచి చెప్పింది. నాకెంత సంతోషమైందో! తర్వాత లేవడం కూడా నేర్పింది. ముందు కాలివేళ్లు ముడిచి పిక్కలు బిగించాలి. తర్వాత ఒక మోకాలి మీద ఆగాలి. అప్పుడు లేవాలి.

నేనూరుకుంటానా? దానికి వ్యాపారం జోడించాను. పిక్కలు బిగిస్తూ మడత విప్పుతాను. మోకాలి మీద ఆగి కొంగు చూపిస్తాను. నిలబడేసరికి చీర మొత్తం నా భుజం మీంచి జారుతుంది. చూసేవాళ్లు అదేదో నా స్టయిలనుకున్నారు. స్టూలు మాత్రం కౌంటరు దగ్గరే ఉంది.

దీపావళికి వారం ముందు లక్డీకాపూల్ నుంచి పెళ్లివాళ్లు పదిమంది రెండే ఆటోల్లో దిగారు. సేటు వచ్చి నా వెనకే నిలబడ్డాడు. ఈ రోజు తూలకుండా లేస్తే సేటు మనసు మారొచ్చు, తూలితే స్టూలే గతి అని తెలుసు. సీసాడు నీళ్లు తాగాను. మూడు గంటలయ్యాక పెళ్లికూతురు "ఔ, గిదే!" అని ఎర్రచీర పట్టుకుని అద్దం వైపు లేవబోయింది.

"ఆగు బిడ్డా! నాతోని గిట్ల లే."

ఇద్దరం పిక్కలు బిగించాం. మోకాలి మీద ఆగాం. "గిదేదో మంచిగున్నదే" అని వాళ్ల అమ్మమ్మా మొదలుపెట్టింది, ఆమె వెనక మేనత్తలు. అందరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. ఎవరూ తూలలేదు, నేనూ తూలలేదు. షాపంతా ఒకటే నవ్వులు.

వాళ్లు వెళ్లాక సేటు కౌంటరు దగ్గరికి నడిచి స్టూలు ఎత్తుకొచ్చాడు. అప్పుడు ఉరికింది చూడండి నా గుండె, మా అమ్మాయి నాడి పట్టుకుంటే మెచ్చుకునేది! సేటు స్టూలును పరుపు పక్కన పెట్టాడు.

"మోకాలి మీద ఆగినప్పుడు దీన్ని పట్టుకొని లే."

తర్వాత అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, నా ఎదురుగా పరుపు మీద కూర్చున్నాడు.

"ఇగ నాకు సుత జర నేర్పు భాయ్. పొద్దుగాల మంచం దిగుతుంటే కండ్లు తిరుగుతున్నయ్. ఇంట్ల చెప్తలేను."