నాలుగో జవాబు

ఇన్నేళ్లుగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. అది మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో నేను విశాఖలో డిగ్రీ చదివేదాన్ని. మాది గాజువాక. క్లాసులో నా పక్కన నూకరత్నం కూర్చునేది. జాలరిపేట అమ్మాయి. పొద్దున్నే తల్లితో కలిసి చేపల గంపలు సర్ది, సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, పౌడరు రాసుకుని వచ్చేది. కూర్చోగానే అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, వాసనొస్తోందా అని మెల్లగా అడిగేది. లేదనేదాన్ని. నిజంగానే ఉండేది కాదు. ఆ భయం ఆమె నాకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేదు.

మాటలు మనుషుల మీద ఎలా పనిచేస్తాయో మా తెలుగు మేడం పాఠం చెబుతూ, మీరు స్వయంగా విన్న ప్రసంగం ఒకటి రాసుకురండి అన్నారు. నేను మా నాన్న కార్మికుల సభలో మాట్లాడింది రాసుకెళ్లాను. ఒడ్డున పడవలు తీసెయ్యమని అధికారులు వచ్చినప్పుడు తన తల్లి అన్న మాటలు నూకరత్నం తెచ్చింది.

“బాబూ, మీరు కుర్సీల్లో కూకున్నారు, మేం ఇసకలో కూకున్నాం. కుర్సీ ఎక్కడేత్తే అక్కడుంటాది. ఇసకనెక్కడికి అట్టుకెళ్లమంతారు?”

మేడం అది చదువుకుని, క్లాసంతటికీ పైకి చదివి వినిపించారు. నాది పక్కన పెట్టేశారు. ఆమె తెచ్చిన మాటల మీదే తలా ఒక ప్రశ్న, దానికి నాలుగు జవాబులు మమ్మల్నే తయారు చేయమన్నారు. చీటీల మీద రాసివ్వమన్నారు, పేర్లు వద్దన్నారు. తప్పు జవాబు కూడా నిజమేమో అనిపించేలా ఉండాలన్నారు.

వక్త అధికారులను దేనితో కదిలించింది? ఇదీ నేను రాసిన ప్రశ్న. పోలికతో. ఎదురు ప్రశ్నతో. వినయంతో. నాలుగో జవాబు: చేపల వాసనతో.

ఎందుకు రాశాను? అసూయ అనేస్తే సులువుగా తప్పించుకున్నట్టవుతుంది. నా చీటీకి అందరూ నవ్వాలనుకున్నాను, అంతవరకు నిజమే. కానీ నవ్వించడానికి వేరే మాటలు ఎన్ని లేవు, ఆమె నన్ను నమ్మి చెప్పుకున్న ఆ ఒక్క భయమే నా చేతికెందుకు తగిలింది?

మేడం వరసగా చదువుతూ, అదేమిటో గమనించేలోపే నా నాలుగో జవాబు పైకి చదివేశారు. క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నూకరత్నం రెండు చేతులూ బెంచీ కింద దాచుకుంది.

బయటికొచ్చాక మెట్ల మీద అడిగింది.

“ఎవులు రాసుంతారే?”

“నాకేటి తెలుసే? ఎనక బెంచీవోళ్లయ్యుంతారు.”

“నువ్వున్నావు గాబట్టి వత్తన్నాను. లేపోతే రేపట్నుంచి మానేద్దును.”

మానలేదు. ఆ ఏడాదంతా నా పక్కనే కూర్చుంది. కానీ మళ్లీ ఎప్పుడూ చెయ్యి చాపి అడగలేదు. రోజూ ఎదురుచూసేదాన్ని. అడిగితే లేదని చెబుదామని, ఈసారి ఆ చెయ్యి పట్టుకుందామని. పరీక్షలయ్యాక ఆమె జాడ తెలియలేదు. జాలరిపేట ఎంత దూరం? వెళ్లలేకపోయాను.

కొన్నేళ్లకు గోపాలపట్నం మార్కెట్లో వెనకనుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. తనే. పక్కన కూతురు.

“నాను సెప్తుంతాను సూడు, ఆ నేస్తం ఇదే,” అంది ఆ పాపతో. “అందరూ నవ్విన నాడు ఇదొక్కతే నవ్వనేదు.”

ఆ పాప తల నిమిరాను. ఆ పాప నన్ను ఎంత ఇష్టంగా చూసిందో. ఇద్దరూ ఆటో ఎక్కి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

ఆ బెంచీ మీద ఆమె పక్కన ఒక్కపూట మళ్లీ కూర్చోవాలని ఇప్పటికీ ఉంది. నేనే రాశానే, నవ్వాను కూడానే, అని చెప్పి, ఆ తర్వాత ఆమె లేచిపోతుందో ఉంటుందో చూడాలని ఉంది. చెప్పవలసింది ఆమెకు. చెప్పింది మీకు. క్షమాపణ అడగడానికి మీరు సరైన మనిషి కారు, తెలుసు. అయినా ఈ మాట మొదటిసారి నా బయట ఉంది.