మూడిళ్లకు ఒకే బాత్రూమ్, నాకొక మొండి జబ్బు

ఆ రోజు పొద్దున మార్కెట్‌లో పాలకూర కట్టలు పేర్చాను, ఇంకా నీళ్లు చల్లలేదు. కడుపులో మెలిపెట్టినట్టయింది. పక్కన టమాటాలు అమ్మే ఆమెను చూస్తుండమని చెప్పి ఇంటికి నడిచాను. మా కిరాయి ఇల్లు దగ్గరే. తిరిగి వచ్చి గోనె మీద కూర్చున్నానో లేదో మళ్లీ మెలిపెట్టింది. మూడోసారి వెళ్లినదాన్ని ఇక ఆ రోజు వెనక్కి రాలేదు. కూరంతా వాడిపోయింది.

నా పేరు బాలమణి. మెదక్‌లో ఆకుకూరలు అమ్ముతాను. చదువు నాకు తల నెరిశాక వచ్చింది. మహిళా సంఘంలో సంతకం కోసం మొదలుపెట్టి, కూరలు చుట్టే పాత పేపర్లు చదివే దాకా వచ్చాను. జబ్బుల నుంచి బయటపడ్డవాళ్లు రాసుకున్నవి ఆ పేపర్లలోనే చదివేదాన్ని. షుగర్ గురించి రాశారు, గుండె గురించి రాశారు. నాకొచ్చిన దాని గురించి ఎవరూ రాయగా చూడలేదు. పదిమందిలో చెప్పుకునే జబ్బు కాదు, అందుకే రాసి ఉండరు.

ఈ జబ్బు మొదలవడానికి కొన్నాళ్ల ముందు నా దవడ పన్ను వాచింది. పన్ను డాక్టర్ యాంటీబయాటిక్ గోలీలు రాశాడు. చెప్పినన్ని రోజులూ మింగాను, వాపు పోయింది, ఆ సంగతి మరిచిపోయాను. పన్నుకూ కడుపుకూ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

మోషన్స్ ఆగకపోయేసరికి మా వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను.

“బయట ఏమన్న తిన్నవా అక్కా?” అన్నాడు.

“మార్కెట్ల చాయ తాగిన, గంతే.”

“గదే. నీళ్లు పడలే.”

మోషన్స్ ఆగడానికి ఒక గోలీ, దానితో ఇంకో యాంటీబయాటిక్ ఇచ్చాడు. అంతకు ముందు ఏ మందులు వాడానని అతను అడగలేదు. చెప్పాలని నాకు తెలియదు. ఆ గోలీకి ఒక రోజు ఆగింది. ఆ ఒక్క రోజులో కడుపు డప్పులా బిగుసుకుంది, జ్వరం వచ్చింది. మరునాటి నుంచి ముందుకంటే ఎక్కువైంది. అన్నం చూస్తే భయం, నీళ్లు చూసినా భయమే. ఏది తాగినా లేచి పరుగెత్తాల్సిందే.

పరుగెత్తేది ఎక్కడికో చెప్పాలి. మేముండే చోట ఒక వాకిలి, దాని చుట్టూ మూడిళ్లు. ముందు ఇల్లు ఓనరమ్మది, సత్తవ్వ అంటారు, ఒక్కతే ఉంటుంది. రెండోది మాది, నేనూ మా ఆయన మల్లేశమూ. మూడోది యాదమ్మది. ఆమె భర్త బస్సు డిపోలో పని చేస్తాడు. మూడిళ్లకూ కలిపి బాత్రూమ్ ఒక్కటే. వారానికొక ఇంటి వంతు చొప్పున కడుగుతాం. మంచిగున్న రోజుల్లో అది చాలింది. జబ్బు వచ్చాక ఆ తలుపు ముందు నిలబడటమే నా పని అయింది. నేను లోపలుంటే వాళ్లు బయట.

“అక్కా, లోపట్నే పండుకున్నవా? మా ఆయన డ్యూటీకి పోవాలె,” అని యాదమ్మ నవ్వుతూ అరిచేది. కొన్ని రోజులకు ఆ మాటలో నవ్వు పోయింది.

ఒకరోజు వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయాను. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. సెలైన్ పెట్టారు, రక్తం తీశారు. నీళ్లు బాగా పోయాయని, కిడ్నీల మీద పడుతోందని చెప్పి హైదరాబాద్ పంపారు. మార్కెట్‌లో మేము కూర్చునే దగ్గర ఆడవాళ్లకు పోయే చోటు లేదు. మాటిమాటికీ కూర వదిలి ఇంటికి పోలేను, అందుకని ఏళ్ల తరబడి పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండటం నాకు అలవాటు. ఆ అలవాటుకు ఈ జబ్బు తోడైంది.

హైదరాబాద్‌లో ఒక లేడీ డాక్టర్ మొట్టమొదట అడిగిన మాట ఇది: “ఇవి మొదలయ్యే ముందు యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా అమ్మా?”

పన్ను సంగతి చెప్పాను. గోలీ పేరేమిటని అడిగింది. నాకు తెలియదు.

“ఎర్రది మేడం. ఒక దిక్కు ఎరుపు, ఒక దిక్కు తెలుపు,” అన్నాడు మా ఆయన.

“ఎరుపు తెలుపు గోలీలు చాలా రకాలు ఉంటాయి పెద్దాయనా. షీటు ఉందా?”

లేదు. గోలీలు అయిపోగానే షీటు చెత్తలో పడేశాను.

స్టూల్ టెస్ట్ చేశారు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అన్నారు. వార్డులో అందరూ సీ డిఫ్ అనేవారు. మన పేగుల్లో మంచి బాక్టీరియా ఉంటుందట. యాంటీబయాటిక్‌కు అదీ చచ్చిపోతుందట. అప్పుడు ఈ చెడ్డది ఒక్కటే చేనంతా ఆక్రమించుకుంటుంది. మోషన్స్ ఆపే గోలీ వేస్తే ఆ విషం బయటికి పోకుండా లోపలే ఉంటుంది. డాక్టరమ్మ ఇవన్నీ చెబుతుంటే నేను ఆ ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీనే తలుచుకుంటూ ఉన్నాను.

మందు వాంకోమైసిన్. నర్సు ఇంజక్షన్ సీసా పట్టుకొని వచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాపాను.

“చెయ్యి కాదమ్మా, నోరు,” అంది. “ఇది తాగే సూది.”

సీసాలో పొడికి నీళ్లు కలిపి గ్లాసులో పోసి ఇచ్చింది. చేదు. రోజుకు నాలుగుసార్లు. నాలుగైదు రోజులకు మోషన్స్ తగ్గాయి, జ్వరం దిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది.

“ఈ బాక్టీరియా గింజల్లాంటివి వదులుతుంది. స్పోర్స్ అంటాం. అవి శానిటైజర్‌కు చావవు. సబ్బు, నీళ్లతో చేతులు బాగా కడుక్కోవాలి. బాత్రూమ్ బ్లీచ్‌తో కడగాలి. వీలైతే మీ బాత్రూమ్ వేరుగా ఉండాలి. కొందరికి ఇది తిరగబెడుతుంది, భయపడొద్దు, వెంటనే రావాలి.”

గింజలంటే నాకు బాగా అర్థమైంది. తోటకూర గింజ ఒక్కటి గట్టు మీద పడితే, ఎప్పుడో వానకు అక్కడ మొలుస్తుంది. వీలైతే అన్న మాట దగ్గర మాత్రం మా ఆయన నా వైపు చూశాడు, నేను నేల చూశాను.

బస్సులో ఆయన మెల్లగా అన్నాడు: “ఇంటికాడ ఎవలకు చెప్పకు. మోషన్సే అని చెప్పు. అంటుకునేదంటే ఖాళీ చెయ్యుమంటరు.”

“మరి బాత్రూం?”

“మనమే కడుగుదాం, రోజు.”

అట్లాగే చేశాం. నేను వెళ్లిన ప్రతిసారీ బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లతో ఆయన కడిగేవాడు. ఆయనకూ అరవై దాటాయి, మోకాళ్లు వంగవు. యాదమ్మ చూస్తూ ఉండేది.

“ఏంది బావా, రోజు మీ వంతేనా? మాకు గూడ జర పుణ్యం మిగల్చుండ్రి.”

మందు అయిపోయింది. కొన్ని రోజులు అన్నం తిన్నాను, మార్కెట్‌కు కూడా వెళ్లాను. తర్వాత ఒక పొద్దున మళ్లీ మెలిపెట్టింది. ఆ వాసన వేరేగా ఉంటుంది, ఒకసారి పడ్డవాళ్లు మరిచిపోరు. బాత్రూమ్‌లోనే గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏడవాలన్నా కొంచెం బలం ఉండాలి.

ఆ వారమే యాదమ్మ బిడ్డ మౌనిక కౌడిపల్లి నుంచి కాన్పుకు వచ్చింది. నిండు నెలలు. గంటకోసారి ఆమెకూ ఆ బాత్రూమే గతి. నేను బయటికి వస్తుంటే ఆమె నడుం పట్టుకొని లోపలికి పోయేది. “పెద్దమ్మా, మనిద్దరమే దీన్ని పట్టా చేపించుకుందాం,” అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

మళ్లీ హైదరాబాద్ పోయినప్పుడు డాక్టరమ్మకు మౌనిక సంగతి చెప్పాను. “ఆమెకు ఆపరేషన్ అయితే యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ సమయంలో ఇది సోకితే కష్టం. వాళ్లకు చెప్పండి,” అంది.

బస్సు దిగి ఇంటికి రాగానే, మా ఆయన చెయ్యి పట్టుకొని ఆపుతున్నా, యాదమ్మ గడప ముందు నిలబడి మొత్తం చెప్పాను. జబ్బు పేరు, అంటుకునే తీరు, మౌనికకు ఏమవుతుందో, అన్నీ. యాదమ్మ బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టింది. లేచి బాత్రూమ్‌కు పోయి వాళ్ల బకెట్టు, మగ్గు తెచ్చుకొని లోపల పెట్టుకుంది. తలుపు వేసింది.

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలా అని ఇద్దరం కూర్చున్నాం. ఈ జబ్బుతో ఏ ఇంటివాళ్లు కిరాయికి ఇస్తారు? నా చూపంతా ఆ బాత్రూమ్ తలుపు మీదే ఉంది. మళ్లీ పోవాల్సి వస్తోంది, పోవడానికి కాలు రావడం లేదు.

వాకిట్లో అంతా విన్న సత్తవ్వ వచ్చింది. ఖాళీ చేయమనడానికే అనుకొని మా ఆయన లేచి నిలబడ్డాడు.

“మల్లేశం, గడ్డపార ఉందా?” అంది.

“ఎందుకవ్వా?”

“ఎనక దొడ్ల సర్కారోళ్లు కట్టిచ్చిన లెట్రిన్ ఉంది గద. తలుపు తుప్పు పట్టింది. తియ్యాలె.”

ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించిన రోజుల్లో సత్తవ్వకూ ఒకటి వచ్చింది. అది అయినప్పటి నుంచి కట్టెలు, పిడకలు పెట్టుకోవడానికే వాడింది.

“కట్టినప్పుడు తలుపు కాడ నిలవెట్టి ఫోటో దీసిండ్రు. గంతే. లోపటికి నేను పోలే, ఎవ్వలు పోలే,” అంది సత్తవ్వ.

మా ఆయన తలుపు ఊడబీకాడు. లోపల పైకప్పు దాకా కట్టెలు. మోస్తూ మోస్తూ ఆయన ఆయాసంతో ఆగిపోతే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కట్టెల మోపు అందుకుంది. యాదమ్మ. నా మొహం చూడకుండానే అంది: “మా బిడ్డ కోసం మోస్తున్న అక్కా, నీ కోసం కాదు. నువ్వు గట్ల కూసో, పడితే మళ్ల నిన్ను మొయ్యాలె.”

అందులో నల్లా లేదు. బకెట్లతో నీళ్లు మోసుకోవాలి. అయినా అది నాది. తలుపు మీద సుద్దముక్కతో రాశాను: బాలమణిది, ఎవరూ రావద్దు. సత్తవ్వ వచ్చి ఏం రాశావని అడిగింది. చదివి చెప్పాను.

“నా ఇంట్ల నన్నే రావద్దంటున్నవా? మంచిగున్నది,” అంది.

రెండోసారి మందు ఎక్కువ కాలం నడిచింది. టేపర్ అంటారు, ఒక్కసారి ఆపకుండా కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతారు. ఆ రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. పెరుగన్నం, మందు, బకెట్టు, పడక. జుట్టు రాలింది. చీర నడుం మీద నిలవలేదు. బాగవుతున్నానా అని అడిగితే చెప్పడానికి కూడా విసుగు వచ్చేది. రోజులు అట్లా గడిచాయి.

మౌనికకు ఆపరేషన్ అయి ఆడపిల్ల పుట్టింది. కుట్లు చీము పట్టాయని డాక్టర్ యాంటీబయాటిక్ రాసింది. యాదమ్మ షీటు చేతిలో పట్టుకొని వచ్చి మా ఇంటి బయటే నిలబడింది.

“అక్కా, గివి మింగుమంటవా, పారెయ్యుమంటవా?”

“నేనేమన్న డాక్టర్‌నా? రాసినామెకు మన బాత్రూం సంగతి, నా జబ్బు సంగతి చెప్పి అడుగు. మింగుమంటే అన్నీ మింగాలె. షీటు మాత్రం పారెయ్యకు.”

అడిగి వచ్చింది. మింగాల్సిందే అన్నారట. ఆ గోలీలు నడిచినన్ని రోజులు, అవి అయ్యాక ఇంకొన్ని వారాలు, మౌనిక బాత్రూమ్‌కు లేచినప్పుడల్లా యాదమ్మ నన్ను చూసేది, నేను యాదమ్మను చూసేదాన్ని.

“ఏంది మీ ఇద్దరు?” అని మౌనిక విసుక్కుంది. “నేను బాత్రూంకు పోతే ఊరు ఇడిసి పోతున్నట్టు చూస్తరు.”

ఆమెకు ఏమీ కాలేదు. నాకు కడుపు కుదుట పడిందని నేను నమ్మింది ఆ తర్వాతే.

ఇప్పుడు పొద్దున పూట మాత్రం మార్కెట్‌కు వెళ్తున్నాను. మధ్యాహ్నానికి ఒళ్లు వాలిపోతుంది. కడుపులో ఏ చిన్న శబ్దమైనా గుండె ఆగుతుంది. నీళ్లు తాగడం మాత్రం మానడం లేదు, పోవాల్సి వస్తే ఇంటికి నడిచి వస్తాను. డాక్టరమ్మ ఇక మూడిళ్ల బాత్రూమే వాడుకోవచ్చని చెప్పినా నేను వెనకదే వాడుతున్నాను. ఒకరోజు యాదమ్మ పిల్లను తెచ్చి, “పట్టుకో, పొయ్యి మీద పాలున్నయి,” అని నా ఒడిలో వేసి పోయింది. అప్పటికే సబ్బుతో కడుక్కొని ఉన్నాను. ఊరికే, ఎప్పుడూ కడుక్కునే ఉంటాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. యాంటీబయాటిక్ గోలీలు అయిపోయాక ఖాళీ షీటు కొన్ని నెలలు దాచండి. మోషన్స్ మొదలైతే ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, వాళ్లు అడగకపోయినా, ముందు దాన్ని బల్ల మీద పెట్టండి. మా వాకిట్లో ఇప్పుడు మూడిళ్లలోనూ క్యాలెండర్ మేకుకు షీట్లు వేలాడుతున్నాయి. సత్తవ్వ తన బీపీ గోలీల షీట్లు కూడా గుచ్చింది. ఏది ఏమిటో తనకు తెలియదని, కావలసినప్పుడు నన్ను చదివి చెప్పమంది. వాటి మీద పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఆ అక్షరాలు నాకు రావు. మౌనిక పిల్లకు పాలిస్తూ ఒక్కొక్కటే నేర్పుతోంది.