గొంతు సవరింపు

కళ్లజోళ్ల దుకాణం ఆయన మాట తప్పని మనిషి. "నీ చూపు నిక్షేపంలా ఉంది, అద్దాలెందుకు, పోవయ్యా" అని గుమ్మంలోకి వచ్చిన బేరాన్ని చేజేతులా వెనక్కి పంపేవాడు. అలా ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పేరు ఒక్క ఆదివారం మధ్యాహ్నం, పేకముక్కల ముందు, నేలపాలైంది.

సైకిల్ షాపు పైనున్న రీడింగ్ రూములో ఆదివారాలు బ్రిడ్జి ఆడేవారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక పక్షం. ఎవరి చేతిలో ఏముందో పాటతోనే తెలియజేసుకోవాలి తప్ప, మాటా సైగా పనికిరావు. పాట వేలంలాంటిదే: పాడిన అంకెకు ఆరు కలిపి అన్ని పట్లు పట్టాలి, నాలుగు పాడి పది పడితే నిండు గెలుపు. ఇస్పేటు, ఆఠీను పెద్ద రంగులు. వాటిలో ఒకటి ఇద్దరి దగ్గరా కలిపి ఎనిమిది ముక్కలుంటే తురుఫు చేసుకోవచ్చు, తొమ్మిదుంటే ఇంకా పైకి పాడవచ్చు. ఆయనకు జోడీ భార్య తమ్ముడు, అచ్చాఫీసులో పనిచేసేవాడు. ఆ బావా బావమరుదులు ఓడిన రోజులు తక్కువ.

ఆ ఆదివారం బావమరిది "ఒక ఇస్పేటు" అన్నాడు. అంటే అయిదు ఇస్పేట్లున్నాయని. ఆయన గొంతు సవరించుకుని "రెండు ఇస్పేట్లు" అన్నాడు. బావమరిది రెప్ప కొట్టకుండా "నాలుగు" అని పాడి, ఆట గెలిచేశాడు.

అవతలి పక్షంలో కొత్తగా చేరిన లెక్కల టీచరమ్మ ముక్కలు సర్దుతూ నెమ్మదిగా అంది. "అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మీరు గొంతు సవరించుకుంటే మీ దగ్గర ఆ రంగువి నాలుగు ముక్కలు. సవరించుకోకపోతే మూడు. వచ్చినప్పటినుంచీ చూస్తున్నా."

ఆవిడ జోడీ కాంపౌండరు పకపకా నవ్వాడు. "ఓరి దేవుడా! నేను జలుబనుకుని మాత్రలు కూడా ఇచ్చానే!"

కళ్లజోళ్ల ఆయన తేరుకుని బావమరిది వైపు చూశాడు. అతను తల ఎత్తలేదు. చెవులు మాత్రం కందగడ్డలయ్యాయి. వాడికి తెలుసన్నమాట. మరి తనకు? తెలియదని ప్రమాణం చేద్దామనుకున్నాడు కానీ అది అబద్ధమేమోనని ఆగిపోయాడు.

ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆవిడ బట్టలు మడతపెడుతూనే, "ఇందులో వింతేముంది? మీకేదైనా కావాలంటే ముందు గొంతు సవరించుకుంటారు. తర్వాత నోటితో అడగరు. నేనే కనిపెట్టి తెచ్చిస్తాను" అంది. ఆయన అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

మళ్లీ ఆదివారం వెళ్లకుండా ఉందామనుకున్నాడు. వెళ్లకపోతే నేరం ఒప్పుకున్నట్టు. వెళితే బావమరిది ఇక తన ఎదుట కూర్చుంటాడో లేదో. కాళ్లీడ్చుకుంటూ మెట్లెక్కాడు. అతను ఎప్పటి కుర్చీలోనే ఉన్నాడు, పలకరింపు మాత్రం లేదు.

మొదటి ఆటలోనే అతను "ఒక ఇస్పేటు" అన్నాడు. ఆయన దగ్గర నాలుగు ఇస్పేట్లు, పక్కన ఒక ఆసు, ఒక రాజు, రెండు రాణులు. ఇలాంటి చేతికి మూడు పాడాలని పుస్తకం చదివిన ప్రతివాడికీ తెలుసు. పాడడానికి గుండె చాలలేదు. ఊపిరి బిగబట్టి, బల్ల మీది గీతను చూస్తూ "రెండు" అన్నాడు. బావమరిది ఒక్క క్షణం చెవి ఒగ్గినట్టు ఆగి, "పాస్" అన్నాడు. పది పట్లు వచ్చాయి. నాలుగు పాడి ఉంటే గెలుపు తమదే.

"మూడెందుకు పాడలేదు బావా?"

"ఏమో... ఓడిపోతామని."

"మరి ఇన్నాళ్లూ?"

జవాబు అక్కడే ఉంది. ఇన్నాళ్లూ తాను రెండని తప్పించుకుని, తెగించే పని వాడి నెత్తిన పెట్టాడు. గెలిస్తే ఇద్దరిదీ, ఓడితే వాడి తొందరపాటు. దొంగాట కంటే ఇదే ఆయనకు ఎక్కువ సిగ్గనిపించింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కళ్లజోడు తీసి తుడిచాడు.

కాసేపటికి బావమరిది "ఒక ఆఠీను" అన్నాడు. ఈసారి ఆయన "మూడు" అన్నాడు, గట్టిగా. నాలుగు ఆఠీన్లున్న మాట నిజమే, మిగతా చెయ్యి మాత్రం బోసి. బావమరిది నమ్మి నాలుగుకు వెళ్లాడు. రెండు పట్లు తగ్గాయి.

"ఇదేం పాట బావా! నీ చేతిలో గాడిదగుడ్డు కూడా లేదే!"

"తప్పు నాదేరా. నేనే పాడాను."

టీచరమ్మ తల దించుకుని అంకెలు వేసుకుంది. కాంపౌండరు కూడా హాస్యమాడలేదు. ఆ మధ్యాహ్నమంతా ఓడుతూనే ఉన్నారు. ఎక్కువ పాడి కొన్నిసార్లు, తక్కువ పాడి కొన్నిసార్లు.

మెట్లు దిగుతుంటే బావమరిది వెనకనుంచి వచ్చి పక్కన కలిశాడు. వీధిలోకి వచ్చాక, "వచ్చే ఆదివారం కూడా ఇలాగే ఓడతామా?" అన్నాడు.

"ఓడతాం" అన్నాడు ఆయన, అతని మొహం వైపు చూడకుండానే.

"సరే. పెందరాళే రా అయితే. పాట సాధన చేద్దాం."