పోపుల డబ్బాలో నూట ముప్పై

మొన్న ఉదయం పాలు కాస్తుంటే మా వీధి మలుపులో ఒక స్పోర్ట్స్ బండి దగ్గుకుంటూ పోయింది. రేజ్ ఇచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఎగిరి దూకుతోంది. ఈ రోజుల్లో అలాంటి బండికి వైరు తగిలించి, తెర మీద చూసి రోగం చెప్పేస్తారట. నాకు మాత్రం ఆ దగ్గు వింటూ పాలు పొంగిన సంగతే తెలియలేదు. స్టవ్వు తుడిచి, అటక మీంచి పాత పోపుల డబ్బా దింపాను.

నిడదవోలు రైల్వే గేటు దగ్గర మా ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. ఆయన చెవితో పనిచేసే మనిషి. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. దూరం చూపు బాగానే ఉండేది గాని దగ్గరవన్నీ అలుక్కుపోయేవి. కళ్ళజోడు పెట్టుకోమంటే, "కళ్ళజోడు మెకానిక్ దగ్గరికి బండెవడు తెస్తాడే?" అనేవారు. అందుకని చిన్న సామానంతా నా చేతికొచ్చింది. ఆయన విప్పిన జెట్లు పెట్రోల్లో కడిగి, ఆరబెట్టి, పోపుల డబ్బాలో ఒక్కో బండివి ఒక్కో గిన్నెలో వేసేదాన్ని. జెట్టంటే కార్బ్యురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి ముక్క. చిటికెనవేలి గోరంత ఉంటుంది, నడుమ సూది బెజ్జం. బెజ్జం ఎంతో చెప్పే అంకె దాని తల మీద చెక్కి ఉంటుంది. ఆ అంకె ఆయనకు కనిపించదు, నాకు చదవడం రాదు. నోట్లయినా రంగు చూసే గుర్తుపట్టేదాన్ని. ఇద్దరికీ కలిపి ఆ గిన్నెలే దిక్కు. "జీలకర్ర గిన్నెలోవి తేవే" అని ఆయన కేకేస్తే వచ్చినవాళ్ళు నవ్వేవారు. "మా ఆవిడ సర్దితే నంబరు చూడక్కర్లేదండి" అని ఆయన గొప్పగా చెప్పేవారు.

అలాంటి రోజుల్లో భీమవరం వైపు నుంచి చేపల చెరువులున్న ఒకాయన నాలుగు సిలిండర్ల విదేశీ మోటారుసైకిలు తెచ్చారు. నాలుగు కార్బ్యురేటర్లు, నాలుగు జెట్లు. చాన్నాళ్ళు మూలన పడి ఉందట, శుభ్రం చేస్తే చాలన్నారు. అలాంటి బండి మా షెడ్డుకు రావడం అదే మొదలు. మా ఆయన ఆ పూట అన్నం కూడా షెడ్డులోనే తిన్నారు. నేను నాలుగు జెట్లూ కడిగి మెంతుల గిన్నెలో వేశాను. టీ ఇద్దామని లేచేసరికి కొంగు తగిలి డబ్బా బల్ల మీంచి జారింది. పట్టుకున్నాను గాని, మెంతుల గిన్నెలోంచి ఒకటి, పక్కన పాత సామాను గిన్నెలోంచి ఒకటి కింద పడ్డాయి. రెండూ ఏరి అరచేతిలో పెట్టుకుని చూశాను. అచ్చం ఒకటే. చెరువులాయన ఎదురు బల్ల మీద కూర్చుని టీ కోసం చూస్తున్నారు. ఆయన ముందు "ఏవండీ, ఏది ఏదో తెలియడం లేదు" అనడానికి నాకు నోరు రాలేదు. కాస్త మెరుపెక్కువ ఉన్నదాన్ని మెంతుల గిన్నెలో వేసి టీ పోశాను.

బండి స్టార్టయింది. నిలబెట్టి ఉంచితే పిల్లిలా గురగురమంటుంది, రోడ్డెక్కి రేజ్ ఇస్తే మిస్సింగ్, అచ్చం మొన్నటి దగ్గే. మా ఆయన రేజ్ ఇప్పించి, చెవి ఆనించి విని, మూడో సిలిండరే అన్నారు, తర్వాత ప్లగ్గులు విప్పి చూశారు. ఆ చూపుకు అంకెలు అందవు గాని రంగులు అందేవి. "మూడో ప్లగ్గు తెల్లగా వస్తోందే, దానికి పెట్రోలు అందడం లేదు. నాలుగూ నూట ముప్పై జెట్లేనని ఆయన చెప్పారు కదా, దీనికొక్కదానికేం రోగం?" అన్నారు. ఎక్కడో గాలి లాగుతోందని రబ్బర్లు మార్చారు. లోపల పెట్రోలు మట్టం నిలిపే ఫ్లోట్లు సరిచేశారు. రెండుసార్లు మళ్ళీ విప్పారు. రెండుసార్లూ జెట్లు నా చేతికే వచ్చాయి, నా చేతి నుంచే వెళ్ళాయి. చెబుదామని నోటిదాకా వచ్చేది. రెండూ ఒకేలా ఉన్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఎనిమిదో రోజు చెరువులాయన బండిని వ్యాన్లోకి ఎక్కిస్తూ, "దీనికంటే మా చెరువు మీద మోటారే నయమండి, కొట్టగానే ఆడుద్ది" అని నవ్వారు. మా ఆయన కూడా "ఆయ్" అని నవ్వారు. వ్యాను కనుమరుగయ్యాక స్క్రూడ్రైవర్ పెట్టెలో పడేసి, "చెవి పోయిందే" అన్నారు.

అంతే, ఆ తర్వాత ఏ ఇంజనుకీ చెవి ఆనించలేదు. పెద్ద బండి వస్తే దిగనివ్వకుండానే "రాజమండ్రి తీసుకెళ్ళండి" అనేవారు. ఆయిల్ మార్చడం, బ్రేకులు బిగించడం, అవే పనులు. కొన్నాళ్ళకు అవీ మానేసి షెడ్డు మూసేశారు. ఆ తర్వాతే మా కోడలు నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది. అప్పటినుంచి మందుబిళ్ళల అట్టలు, బస్సుల బోర్డులు, పచ్చడి సీసాల కాగితాలు, ఏదీ వదలను. ఆ డబ్బా ఒక్కదాన్ని మాత్రం వదిలేశాను. మరిచిపోయానని చెప్పను.

మొన్న పాత సామాను గిన్నె పళ్ళెంలో వంచి, వెలుగుకు పట్టి ఒక్కొక్కటే చదివాను. తొంభై ఐదు. తొంభై ఐదు. వంద. తొంభై ఐదు. అయిదోదాని మీద నూట ముప్పై ఉంది.

మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆ జెట్టు ఆయన చేతిలో పెట్టి డబ్బా జారిన సంగతి, టీ సంగతి, మెరుపు చూసి వేసిన సంగతి అన్నీ చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండును కూడా. ఆయన జెట్టును బొటనవేలితో తిప్పుతూ, "నంబరు ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను.

"అయితే నా చెవి సరిగ్గానే చెప్పిందన్నమాట" అన్నారు. జెట్టు చొక్కా జేబులో వేసుకున్నారు. సాయంత్రం ఆ స్పోర్ట్స్ బండి మళ్ళీ దగ్గుకుంటూ వచ్చింది. ఆయన తల కొంచెం పక్కకు వంచి, అది వీధి చివర వంతెన దాటేదాకా విన్నారు.

చదువు ఆలస్యంగా వచ్చిందని నన్ను చూసి జాలిపడేవాళ్ళున్నారు. ఆలస్యమైన ఏళ్ళ గురించి నాకు బెంగ లేదు. నేను ఒక్క మాట దాచిన ఏళ్ళు మాత్రం నావి కావు, ఆయనవి.