ఇంగ్లండు ముసలాయనతో నా పోటీ

మా ఇంటి దేవుడి పటం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

మాది ప్రొద్దుటూరు. నా భార్య రత్నమ్మకు ఫోన్‌లో డబ్బింగ్ చేసిన ఇంగ్లీషు సినిమాలు చూసే అలవాటు ఉంది. వాటిలో ఒక ఇంగ్లండు నటుడు వస్తుంటాడు. ఒకసారి జడ్జి, ఒకసారి వంటవాడు, ఇంకోసారి చర్చి ఫాదర్. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచి పూర్తిగా నెరిసేదాకా అన్నీ చిన్న వేషాలే. పోస్టర్ మీద ఆయన బొమ్మ కూడా వేయరు.

"హీరోలదేముంది, ఊరికే ఉరుకుతారు. ఈయన జూడు, కుర్చీలో కూచోనే కండ్లల్లో నీళ్లు తెప్పిస్తాడు. శానా గొప్పోడు" అంటుంది రత్నమ్మ. పెళ్లయినప్పటి నుంచి నన్ను ఒక్కసారి అలా మెచ్చుకున్న పాపాన పోలేదు. నాకు కడుపు మండిపోయేది.

ఒక ఆదివారం జమ్మలమడుగు నుంచి మా బావమరిది వచ్చాడు. ముసలాయన చనిపోయే సీను రత్నమ్మ అతనికీ చూపిస్తోంది. ఇక తట్టుకోలేక, గుండె పట్టుకుని మూలుగుతూ వాళ్ల ముందే దబ్బున పడ్డాను.

"అక్కా, బావ పడిపోయినాడే!" అని బావమరిది కేక వేశాడు.

రత్నమ్మ ఫోన్ మీద నుంచి తల ఎత్తలేదు. "ఏం కాలేదులేరా, యాక్షన్ జేస్తాండాడు. మా ముసలాయనైతే సచ్చేముందు ఇంతగా అరవడు" అంది. బావమరిది పడీ పడీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

ఇక దాచను. ఆమె తల ఎత్తలేదన్నదీ, వాడు నవ్వాడన్నదీ నా కల్పన. నిజానికి ఫోన్ విసిరేసి వచ్చి, నా తల ఒళ్లో పెట్టుకుని, "కండ్లు తెరువయ్యా, నీకేమన్నా అయితే నేను యాడికి పోవాల" అని భోరుమంది. నేను వెంటనే కళ్లు తెరవలేదు. ఇన్నేళ్ల నటనలో ఆ ముసలాయన ఆమెను ఎప్పుడూ అంతగా ఏడిపించలేదు.