దుబాయ్‌ల ఆషాఢం వాన

పెండ్లి సూపులల్ల సంబంధాలు చెడిపోవుడు మీరు మస్తు చూసి ఉంటరు. పిల్ల నచ్చక చెడ్తది, పిల్లగాడు నచ్చక చెడ్తది, కూరల ఉప్పు తక్కువైందని అలిగి లేచిపోయినోళ్లు గూడ ఉన్నరు. గని ఎండ గురించి, వాన గురించి మాట్లాడి నలుగుర్ల ఇజ్జత్ తీసుకున్నోన్ని మాత్రం చూసి ఉండరు. ఇగో, నేనే. పేరు శ్రీను, ఊరు కోరుట్ల. ఆ రోజుల్ల నా తెలివికి నేనే దిష్టి తీసుకోవాలె అనుకునేటోన్ని.

ముందుగాల మీకొక సంగతి చెప్పాలె. అప్పటికి ఇది మా అమ్మకు గూడ తెల్వదు. నేను డిసెంబర్ల విజిట్ వీసా మీద దుబాయ్ పోయిన. గల్లీ గల్లీ అంత బస్టాండ్ దాక వచ్చి, మెడల దండ వేసి సాగనంపిండ్రు. పని చూపిస్త అన్న ఏజెంటేమో నేను దిగినంక ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. రూముల పండుడు, లేసుడు, సముద్రం పొంటి తిరుగుడు, గిదే నా దుబాయ్ ఉద్యోగం. ఫిబ్రవరి ఆఖరుకు వీసా అయిపోతె వచ్చి బొంబాయిల దిగిన. దండ వేసినోళ్లకు ఉత్త చేతులతోని మొఖం ఎట్ల చూపియ్యాలె? భివండిల మా దోస్తు ఒకడు సాంచాలు నడుపుతుండె. సాంచాలంటే కరెంటు మగ్గాలు. వాని పక్కపొంటి నేను గూడ రెండు సాంచాలు పట్టుకున్న.

ఇంటికి మాత్రం దుబాయ్‌లనే ఉన్న అని చెప్పిన. ఫోన్ల దుబాయ్ నంబర్ అట్లనే ఉంచి నెట్ మీద మాట్లాడేది. సాంచాల సప్పుడు ఇనబడి "గదేం లొల్లిరా" అని అమ్మ అడిగితె, "కంపెనీల మిషన్లమ్మా" అనేటోన్ని. గండ్ల అబద్ధం ఏమున్నదో మీరే చెప్పుండ్రి.

గట్ల రెండేండ్లు గడిచినయి. ఇంటికి పోయేటప్పుడు బొంబాయి బజార్ల సెంటు సీసాలు, ఖర్జూరాలు, పులి బొమ్మ రగ్గు కొనుక్కొని, నల్ల కండ్లద్దాలు పెట్టుకొని కోరుట్లల దిగిన. ఎడారి ఎండకు కమిలిపోయి వస్తడనుకుంటె నా కొడుకు తెల్లగ వచ్చిండని అమ్మ గల్లీ అంతా తిరిగి చెప్పింది. పొద్దంత సాంచాల షెడ్డుల ఉన్నోడు తెల్లగ గాక ఏమైతడు.

మా మేనమామ లింగానికి జగిత్యాలల సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నది. ఆయననే సంబంధం తెచ్చిండు. పిల్ల పేరు రజిత, సిరిసిల్ల. ఫోటో చూసిన గంటకే నాకు మనసు వడ్డది. రెండో రోజుకు ఈ పిల్ల గాకపోతె ఇంక పెండ్లే వద్దు అనే దాక పోయిన. నవ్వకుండ్రి, నిజంగనే గట్ల అయింది. గా ఫోటోను ఫోన్ల ఎన్ని సార్లు చూసిన్నో నాకే తెల్వదు.

అమ్మ, మామ, నేను ఏప్రిల్ నెలల కారు మాట్లాడుకొని సిరిసిల్ల పోయినం. వేములవాడ దాటినంక మామ మెల్లగ చెప్పిండు. "పిల్ల నాయిన గూడ మనోడేరా. ఇరవై ఏండ్లు దుబాయ్‌ల ఇనుప రాడ్లు కట్టిండు. నిరుడే ఇంక పోను అని వచ్చేసిండు. మీ ఇద్దరికి మంచి ముచ్చట పడ్తది."

"ముందుగాల చెప్పద్దా మామా" అన్న.

"చెప్తె ఏం చేసేటోనివి?"

ఏం చేసేటోన్నో ఆయనకెట్ల చెప్పాలె. కారు దిగి వెనుకకు నడిచేటోన్ని.

పిల్ల నాయిన మల్లేశం మామ ఎదురొచ్చి చెయ్యి వట్టుకొని లోపలికి తీస్కపోయిండు. ఎండల కాలి కాలి మొఖం గట్టివడ్డ మనిషి. కూలర్ ముందట కుర్చీ నాకే ఏసిండు. రజిత వచ్చి చాయ ఇచ్చి, అటు తలుపు పక్కకు నిలవడ్డది. ఫోటో కంటె బాగున్నది. గది చూసినంక నాకున్న జరంత తెలివి గూడ పోయింది.

"మస్తు ఎండ గొడుతుంది గదా బాబూ" అన్నడు మల్లేశం మామ. "గని దుబాయ్ చూసినోళ్లకు మనకు ఇదొక లెక్కనా?"

ఇక్కడ జర ఆగుండ్రి. మీరైతె ఏం చేద్దురు? "అవును మామా" అని చాయ తాగుదురు. నేను గూడ గంతే చేస్తె ఈ కథే లేకపోవు. పిల్ల వింటుంది, నాకు తెలిసింది చూపియ్యాలె అనిపిచ్చింది.

"దుబాయ్‌ల ఎండ ఏడిది మామా" అన్న. "ఎండంటే బొంబాయిది. దుబాయ్‌ల సల్లగుంటది. పొద్దుగాల మంచు గూడ పడ్తది. రాత్రి రగ్గు కప్పుకోకుంటె నిద్ర వట్టది."

డిసెంబర్‌కెళ్లి ఫిబ్రవరి దాక నేను చూసిన దుబాయ్ నిజంగ గంతే. ఒక్క ముక్క కల్పించి చెప్పలే. మల్లేశం మామ మాత్రం చాయ కప్పు నోటి దాక తెచ్చి ఆపిండు.

"సలికాలం ముచ్చటనా బాబూ?"

"ఏ కాలమైనా గంతే మామా. రెండూ సముద్రం పక్క ఊర్లే గని, బొంబాయికి దుబాయ్‌కి పోలికే లేదు."

"మరి మే నెలల?"

నా దగ్గర దుబాయ్ మే నెల లేదు. ఉన్నదల్లా బొంబాయి మే నెలనే. ఏం చెయ్యాలె, దాన్నే తీసి దుబాయ్‌కి తొడిగిన. "మే నెలల జర ఉడకపోస్తది మామా. అంగి వీపుకు అంటుకుంటది. గని ముప్పయి నాలుగు, ముప్పయి అయిదు దాటది. జూన్ల మబ్బులు వట్టినయంటె మల్ల సల్లవడ్తది."

మా లింగం మామ అటు బొంబాయి చూడలే, ఇటు దుబాయ్ చూడలే. అయినా నా పక్కకెళ్లి తల ఊపుతున్నడు.

"జూన్ల మబ్బులు" అన్నడు మల్లేశం మామ, మెల్లగ. కప్పు కింద వెట్టిండు. "ఎండకాలంల స్నానం నీళ్లు ఎప్పుడు పట్టుకునేటోళ్లు మీ రూముల?"

ఇదేం ప్రశ్న అనుకున్న. అల్కగుంది, చెప్పేసిన. "పొద్దుగాల నల్లా వచ్చినప్పుడు మామా. అర్ధగంటనే వస్తది. బిందెల కాడ రోజు కొట్లాటలే."

భివండిల మా గల్లీ ఉన్నదున్నట్టు చెప్పిన. మల్లేశం మామ మా లింగం మామ దిక్కు తిరిగి, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పిండు.

"తమ్మీ, దుబాయ్‌ల నల్లా ఇరవై నాలుగు గంటలు వస్తది. ఎండకాలంల మీద ట్యాంకులు కాలి, తిప్పితె చాయ పెట్టుకునేటంత వేడి నీళ్లు వస్తయి. గందుకని మేము రాత్రే బకెట్లు నింపి, ఏసీ రూముల పెట్టి, పొద్దుగాల పోసుకునేటోళ్లం. ఒక్క ఎండకాలం ఉన్నోడెవడు గీ సంగతి మర్వడు."

కూలర్ ముందట కూసుండి గూడ నాకు చెమటలు వట్టినయి. మా అమ్మకు పాపం ఏం తెల్వదు. కొడుకును ఎవలో తక్కువ చేస్తున్నరని మాత్రం సమజైంది. కొంగు సర్దుకొని ముందుకు జరిగింది.

"అన్నా, మీరున్న కాడ గట్ల ఉండె కావచ్చు. మావోడున్న కాడ మస్తు వానలు. పోయిన ఆషాఢంలనైతె వారం రోజులు ఒక్కతీరుగ కొట్టిందట. రూములకు మోకాళ్ల మట్టుకు నీళ్లొచ్చినయి, బట్టలు ఆరక తడి అంగితోనే డ్యూటీకి పోతున్న అని రోజు ఫోన్ల చెప్పేటోడు. నాకు ఫోన్ల వాన సప్పుడు గూడ ఇనబడ్డది. భయమయ్యి ఎములాడ రాజన్న గుడిల కోడెదూడను కడ్త అని మొక్కిన. పోయి కట్టచ్చిన గూడ."

నేను అమ్మ దిక్కు కండ్లతోని సైగ చేస్తున్న. అమ్మ నన్ను చూస్తలేదు.

"ఆషాఢంల. దుబాయ్‌ల. వారం రోజులు వాన" అని మల్లేశం మామ ఒక్కొక్క మాట తీసి కింద వెట్టినట్టు అన్నడు. "చెల్లె, నేను ఇరవై ఏండ్లల్ల ఆషాఢంల గక్కడ ఒక్క చుక్క చూడలే. నీ కొడుకు చెప్పింది బొంబాయి. మంచు, రగ్గు ఒక్కటే దుబాయ్‌ది. ఎన్ని నెలలు ఉన్నవ్ బాబూ గక్కడ?"

లింగం మామ తల ఊపుడు ఆగిపోయింది. వంటింట్ల గిన్నెల సప్పుడు ఆగిపోయింది. నేను నేలను చూసుకుంట మొత్తం చెప్పేసిన. ఏజెంటు, వీసా, భివండి, సాంచాలు, సెంటు సీసాలు, అన్నీ.

మా అమ్మ మొఖం నేను జన్మల మర్వ. తిడ్తది అనుకున్న. తిట్టలే.

"బొంబాయిలనా ఉన్నవ్?" అన్నది. "కోరుట్లల పగటిపూట బస్సెక్కితె తెల్లారేసరికి బొంబాయిల దిగుతరు గదరా. నాకు డెంగ్యూ జరమొచ్చి దవాఖానల పండుకున్నప్పుడు, సముద్రం అవతల ఉన్నడు, చెప్పి ఏం చెయ్యాలె అని నీకు చెప్పనన్న చెప్పలే."

షాక్ తినుడంటే ఏందో నాకు అప్పుడు తెలిసింది. అందరికి షాకిచ్చినోన్ని నేనే అనుకుంటుంటి. అమ్మ దవాఖానల ఉన్న సంగతే నాకు తెల్వదు. నేను రెండేండ్లు దాస్తె, నా మీద పానంతోని ఆమె గూడ ఒకటి దాచింది. సంబంధం పోతె పోయె, భూమి పగిలితె అండ్లకు పోదును అనిపిచ్చింది.

మల్లేశం మామ లేసి నిలబడ్డడు. "మనసుల ఏం వెట్టుకోకుండ్రి. అబద్ధంతోని మొదలైన సంబంధం మాకొద్దు."

మేము గూడ లేసినం. నేను చెప్పులు ఏసుకుంటున్న. అప్పుడు తలుపు పక్కకెళ్లి రజిత మాట్లాడింది.

"నాయినా, పొద్దున నీకేం చెప్పిన నేను?"

మల్లేశం మామ మల్ల కుర్చీల కూసున్నడు.

"దుబాయోడు వద్దు అని చెప్పిన్నా లేదా? నిన్ను ఫోటోల చూసి నాయిన అనుడు నేర్చుకున్న. అమ్మ ఇరవై ఏండ్లు ఫోన్‌తోని సంసారం చేసింది. నాకు గట్ల వద్దన్న. నువ్వు వినలే, చూసినంక వద్దను అన్నవ్. ఈయన దుబాయోడే కాదని నువ్వే తేల్చినవ్ గదా ఇప్పుడు."

దుబాయోన్ని అని చెప్తెనే పిల్లనిస్తరని నేను రెండేండ్ల అబద్ధం మోసుకొచ్చిన. పిల్లేమో గా ఒక్క మాటకే వద్దందామని తయారుగుంది.

ఆమె నా దిక్కు తిరిగింది. "సాంచాలు నిజంగ నడపొస్తదా?"

"వస్తది" అన్న.

"సిరిసిల్లల, కోరుట్లల ఏదో ఒక పని చేసుకుంట ఇక్కడనే ఉంటరా?"

"ఉంట."

"అయితె ముందుగాల మీ అమ్మతోని మాట్లాడుకోండ్రి. ఆమె మాఫ్ చేస్తె అప్పుడు నాకు ఫోన్ చెయ్యుండ్రి."

మాఫ్ చేసుడు అంత అల్కగ కాలే. కోరుట్ల వచ్చేదాక అమ్మ కారుల ఒక్క మాట మాట్లాడలే. తర్వాత గూడ బువ్వ పెట్టేది గని పిలిచేది కాదు. ఒకనాడు నేను ఆమె కాళ్ల కాడ కూసుండి ఏడ్చిన. ఆమె గూడ ఏడ్చింది. ఏడ్చుకుంటనే "గా పిల్లకు ఫోన్ చెయ్యిరా, ఇంకెవలు చేసుకుంటరు నిన్ను" అన్నది.

పెండ్లయింది. మల్లేశం మామ బారాత్‌ల ఆడిండు గూడ. నేను ఇప్పుడు సిరిసిల్లల సాంచాలే నడుపుతున్న. అమ్మ కోరుట్లల ఉంటది.

గందుకని చదివే మీ అందరి సాక్షిగ చెయ్యెత్తి ఒట్టు వెడుతున్న. బతికున్నన్ని రోజులు ఏ ఊర్ల ఉంటె గా ఊరి ఎండనే చెప్త, గా ఊరి వాననే చెప్త. ఒక ఊరి మబ్బును తీస్కపోయి ఇంకో ఊరి మీద పెట్ట. ఎవలన్న రెండు ఊర్లను పోల్చి చెప్పుమంటె చేతులు కట్టుకొని కూసుంట.

ఈ ఒట్టు వెట్టిన ముచ్చట పొద్దున అమ్మకు ఫోన్ చేసి చెప్పిన. సంతోషపడ్తది అనుకున్న.

"మంచిది గని, ఏడికెళ్లి వెట్టినవ్ రా ఒట్టు?" అన్నది.

"సిరిసిల్లకెళ్లేనమ్మా."

"వీడియో పెట్టి ఆకాశం చూపియ్యి" అన్నది.